చక్కెర లేని తీపి - సుమలక్

పిల్లలూ, ముందుగా మీకొక ప్రశ్న. చక్కెర వేయగూడదు. బెల్లం వేయగూడదు. తేనె గాని, ఖర్జూరపు పండు గాని, చెరకురసం గాని ఒక్క బొట్టయినా తగలగూడదు. గోధుమలు, నీళ్ళు, కొంచెం నూనె - ఈ మూడింటితోనే తియ్యని వంటకం ఒకటి చేయాలి. చేయగలరా?

"అదెట్లా కుదురుతుంది? గోధుమపిండి జావ కాచితే చప్పగా ఉంటుంది గదా! అందులో బెల్లమో పంచదారో పడితేనే గదా నోటికి రుచి!" అని మీరంటారు. మీ అమ్మగారిని అడిగితే ఆమె కూడా ఆ మాటే అనవచ్చును.

కాని మనకు వాయవ్యదిక్కున, హిందూకుష్ పర్వతాలు దాటి వెళ్ళితే ఒక దేశం ఉన్నది. అక్కడ వసంతకాలం రాగానే ఊరూరా, వీధివీధినా ఈ వంటకం వండుతారు. దాని పేరు సుమలక్. ఆ దేశం పేరు ఉజ్బెకిస్తాన్. ఆ తీపి ఎట్లా పుడుతుందో, దానిని మన ఇంట్లో ఎట్లా చేసుకోవచ్చునో ఈ నెల తెలుసుకుందాం.

ఆ దేశం, ఆ పండుగ

ఉజ్బెకిస్తాన్ మధ్య ఆసియాలో ఉన్నది. పటం తెచ్చుకుని చూడండి. దానికి సముద్రతీరం లేదు. దాని చుట్టూ ఉన్న దేశాలకు కూడా సముద్రతీరం లేదు. అంటే ఆ దేశంవారు సముద్రం చేరాలంటే కనీసం రెండు సరిహద్దులు దాటాలి. ప్రపంచంలో ఇట్లాంటి దేశాలు రెండే ఉన్నవి. ఒకటి ఇది, రెండవది ఐరోపాలోని చిన్న దేశం లీక్టెన్‌స్టైన్.

పూర్వం సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉండిన ఈ దేశం 1991లో స్వతంత్రమైంది. సమర్‌కంద్, బుఖారా అనే ప్రసిద్ధ నగరాలు ఇక్కడివే. మన చరిత్ర పుస్తకాలలో చదివే బాబరు 1483లో పుట్టిన అందిజాన్ కూడా నేటి ఉజ్బెకిస్తాన్‌లోనే ఉన్నది. రాజధాని తాష్కెంట్. ఆ పేరు మీ తాతగారికి బాగా జ్ఞాపకం ఉంటుంది. మన ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు 1966 జనవరి 10న పాకిస్తాన్‌తో శాంతి ఒప్పందం మీద సంతకం చేసినదీ, ఆ రాత్రి గడిచేలోగా కన్నుమూసినదీ ఆ నగరంలోనే. అక్కడ నేటికీ ఆయన పేరుతో ఒక వీధి ఉన్నది.

ఉజ్బెక్ ప్రజల పెద్ద పండుగ నవ్‌రూజ్. ఆ మాటకు 'కొత్త రోజు' అని అర్థం. మార్చి 21వ తేదీన, పగలూ రాత్రీ సమానంగా ఉండే సమయంలో, ఈ పండుగ వస్తుంది. ఆ ఎముకలు కొరికే చలికాలం గడిచి, మంచు కరిగి, నేల మెత్తబడి, పొలంపనులు మొదలయ్యే రోజులవి. మనకు ఉగాది ఎట్లాంటిదో వారికి నవ్‌రూజ్ అట్లాంటిది. ఉగాదికి వేపపూత పచ్చడి లేకపోతే మనకు పండుగ అనిపించదు. నవ్‌రూజ్‌కు సుమలక్ లేకపోతే వారికి పండుగ అనిపించదు.

ఈ పండుగ ఒక్క ఉజ్బెకిస్తాన్‌దే కాదు. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ మొదలైన అనేక దేశాలలో జరుపుకుంటారు. మన దేశంలో పార్సీలకు కూడా ఇది పండుగే. 2009లో యునెస్కో సంస్థ మానవజాతి సంప్రదాయ సంపదల పట్టికలో నవ్‌రూజ్‌ను చేర్చినప్పుడు, దానిని కోరిన దేశాలలో ఉజ్బెకిస్తాన్‌తో పాటు మన భారతదేశం కూడా ఉన్నది. 2010లో ఐక్యరాజ్యసమితి మార్చి 21ని అంతర్జాతీయ నవ్‌రూజ్ దినంగా ప్రకటించింది. సుమలక్ వంటి వంటకాన్ని ఇరాన్‌లో సమను అనీ, ఆఫ్ఘనిస్తాన్‌లో సమనక్ అనీ పిలుస్తారు.

ముప్పైమంది దేవదూతలు

సుమలక్ ఎట్లా పుట్టిందో చెప్పే కథ ఒకటి ఉజ్బెక్ ఇళ్ళలో ఉన్నది. అవ్వలు మనవలకు చెప్పే కథ.

పూర్వం ఒక ఊళ్ళో ఒక పేదరాలు ఉండేది. ఆమెకు చిన్నపిల్లలు. ఆ ఏడు చలికాలం ఎంతకూ వదలలేదు. గాదెలో గింజలు అయిపోయినవి. పిల్లలు "అమ్మా, ఆకలి!" అని ఏడుస్తున్నారు. ఇంట్లో మిగిలింది పిడికెడు గోధుమలు మాత్రమే. అవి కూడా తడిసి మొలకెత్తినవి.

ఆ తల్లి పెద్ద కాగు పొయ్యిమీద పెట్టి నిండా నీళ్ళు పోసింది. ఆ మొలకలు అందులో వేసింది. కాగు నిండినట్టు కనబడాలని ఏటి ఒడ్డునుంచి గులకరాళ్ళు ఏరి తెచ్చి అవి కూడా వేసింది. "ఏడవకండి నాయనా, అన్నం ఉడుకుతున్నది. రాళ్ళ చప్పుడు కాదు, గింజల చప్పుడే అది. కాసేపు పడుకోండి" అని వారిని జోకొట్టి, తాను గరిట తిప్పుతూ కూర్చున్నది. పిల్లలు నిద్రపోయారు. తిప్పి తిప్పి అలసిపోయి తెల్లవారుజామున ఆమె కూడా పొయ్యి పక్కనే ఒరిగింది.

తెల్లవారి కళ్ళు తెరచి చూసేసరికి కాగు చుట్టూ ముప్పైమంది దేవదూతలు నిలబడి గరిట తిప్పుతున్నారట! ఆమె కళ్ళు నులుముకునేలోగా వారు మాయమయ్యారు. కాగు నిండా చిక్కని, గోధుమరంగు పాయసం! వేలితో నాకి చూస్తే తియ్యన! పిల్లలు కడుపునిండా తిన్నారు. ఇరుగుపొరుగువారికి కూడా ఆమె గిన్నెలతో పంచిపెట్టింది.

పారశీక భాషలో 'సీ' అంటే ముప్పై. 'మలక్' అంటే దేవదూత. అందుచేత ఆ వంటకానికి సుమలక్ అని పేరు వచ్చిందని అక్కడి పెద్దలు చెబుతారు.

కథ కథే అనుకోండి. కాని అందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, గోధుమలు మొలకెత్తినవి. రెండు, కాగులో గులకరాళ్ళు ఉన్నవి. ఈ రెంటి వెనుకా శాస్త్రం ఉన్నది.

రాత్రంతా తిరిగే గరిట

నేటికీ ఉజ్బెక్ పల్లెలలో, పట్టణపు వీధులలో సుమలక్ ఎట్లా వండుతారో చూడండి. దీనిని ఏ ఇల్లాలూ ఒక్కతే వండదు. వండలేదు కూడా. ఇరుగుపొరుగువారు తలా కొంచెం గోధుమలో, పిండో, నూనో, కట్టెలో తెచ్చి ఒకచోట కలుస్తారు. వాకిట్లో పొయ్యి తవ్వి, దానిమీద కజాన్ అనే పెద్ద ఇనుప మూకుడు పెడతారు. పత్తి ఎక్కువగా పండే దేశం గనుక వారు వాడేది పత్తిగింజల నూనె. మొలకల పాలు, పిండి, నీళ్ళు కలిపి మరిగిస్తూ, కొత్త కోడలినుంచి పండుముసలి అవ్వదాకా వంతులవారీగా పొడవాటి తెడ్డు పుచ్చుకుని తిప్పుతారు. చిక్కబడి తెడ్డు బరువెక్కినప్పుడు మగవారు కూడా చేయి వేస్తారు. ఒక పగలూ ఒక రాత్రీ ఈ పని సాగుతుంది. పక్కన పాటలు, నృత్యాలు, టీ, కబుర్లు. తిప్పేవారు మనసులో ఒక కోరిక కోరుకుంటారు.

కజాన్‌లో నున్నని గులకరాళ్ళు కడిగి వేస్తారు. ఎందుకు? ఇంత చిక్కని వంటకం కింద పేరుకుని అడుగంటుతుంది. ఒక్కచోట మాడితే చాలు, ఆ వాసన కజాన్ అంతటికీ పట్టి, పదిళ్ళవారి కష్టం వృథా అవుతుంది. తెడ్డు తిప్పినప్పుడల్లా రాళ్ళు అడుగున దొర్లుతూ, పేరుకున్న పిండిని గీకి పైకి లేపుతవి. తెడ్డు చేరలేని మూలలకు కూడా అవి చేరుతవి. కథలో తల్లి పిల్లలను ఏమార్చడానికి వేసిన రాళ్ళు నిజానికి వంటను కాపాడే పనివాళ్ళన్నమాట!

తెల్లవారుతుండగా మంట తీసి, మూతపెట్టి, కొన్ని గంటలు మగ్గనిస్తారు. తరువాత ఒక పెద్దావిడ మూత తీస్తుంది. అందరూ ముందుకు వంగి, పైన తేలిన గీతలలో ఏ పువ్వు కనబడిందో, ఏ చెట్టు కనబడిందో చూసి సంతోషిస్తారు. ఆ పిమ్మట గిన్నెలకెత్తి ఇంటింటికీ పంపుతారు. తన గిన్నెలో గులకరాయి వచ్చినవారి కోరిక తీరుతుందని అక్కడివారి నమ్మకం. అందుచేత పిల్లలు రాయి కోసం ఆత్రంగా వెతుక్కుంటారు!

తీపి ఎక్కడినుంచి వచ్చింది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గోధుమగింజను నిలువునా కోసి చూస్తే మూడు భాగాలు కనిపిస్తవి. పైన తవుడుపొర. ఒక కొనన చిన్న బీజం. అదే పుట్టబోయే మొక్క. మిగిలినదంతా తెల్లని పిండి. ఆ పిండి ఎవరికోసం? మనకోసమని మనమనుకుంటాం. కాని తల్లిమొక్క దానిని కట్టి ఇచ్చింది బీజానికి. కొత్త మొక్క వేరూ ఆకూ తొడిగి, తన అన్నం తాను సంపాదించుకునేదాకా దారిలో తినడానికి ఇచ్చిన సద్దిమూట అది.

అయితే ఒక చిక్కు ఉన్నది. పిండిపదార్థం నీటిలో కరగదు. కరగని అన్నం బీజానికి చేరదు. పిండిపదార్థం అంటే వేలకొద్దీ చిన్న చక్కెర పూసలను గుచ్చిన పొడవాటి దండ అనుకోండి. ఆ దండను తెంపితేనే గాని పూసలు నీటిలో కరగవు. తెంపే కత్తెర ఏది?

గింజ నానగానే బీజం మేలుకుంటుంది. అది జిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని సందేశంగా పంపుతుంది. ఆ సందేశం అందుకుని, తవుడు కిందనున్న పలుచని పొర 'అమైలేజ్' అనే ఎంజైమును తయారుచేస్తుంది. అదే కత్తెర! అది పిండి దండలను ముక్కలు చేస్తుంది. రెండేసి పూసలు కలిసి ఉండే ముక్కలకు మాల్టోజ్ అని పేరు. మాల్టోజ్ ఒక రకం చక్కెర. మనం వాడే పంచదార తీపిలో అది మూడోవంతు మాత్రమే ఉంటుంది. అందువల్లనే సుమలక్ తీపి మొగం మొత్తదు.

ఈ కత్తెరను మొట్టమొదట వేరుచేసి చూపినవారు ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, పాయెన్, పెర్సోజ్ అనేవారు. 1833లో వారు మొలకెత్తిన ధాన్యపు రసంనుంచి దానిని తీసి 'డయాస్టేజ్' అని పేరు పెట్టారు. మనుష్యులు వేరుచేసిన మొదటి ఎంజైము అదే. కాని వారికంటె ఎంతోముందే, ఆ పేరు తెలియకపోయినా, మధ్య ఆసియాలోని గృహిణులు దానిచేత పని చేయించుకుంటున్నారు.

ఇంకొక విశేషం. ఒక మొలకలో ఉన్న కత్తెర ఆ మొలకలోని పిండినే కాదు, బయటనుంచి కలిపిన పిండిని కూడా తెంపగలదు. అందుకే కొద్ది మొలకలకు ఎక్కువ గోధుమపిండి కలిపినా అంతా తియ్యనవుతుంది. అయితే ఈ కత్తెరకు వేడి సంగతి ముఖ్యం. చల్లగా ఉంటే మెల్లగా పనిచేస్తుంది. 60 నుంచి 65 సెంటిగ్రేడ్ డిగ్రీల దగ్గర చురుకుగా పనిచేస్తుంది. 80 డిగ్రీలు దాటితే పాడైపోయి మళ్ళీ పనికిరాదు. పెద్ద కజాన్ చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది గనుక కత్తెరకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. ఆ తరువాత గంటలకొద్దీ మరిగితే నీరు ఇగిరిపోయి తీపి చిక్కబడుతుంది.

మరి తెల్లని పాలు చివరకు బెల్లంరంగుకు ఎందుకు తిరుగుతవి? చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి వేడెక్కినప్పుడు కొత్త రంగూ కొత్త వాసనా పుడతవి. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని వివరించాడు. రొట్టె కాలినప్పటి కమ్మని వాసన కూడా ఇదే మార్పువల్ల వస్తుంది.

మనకు కూడా ఈ విద్య కొత్త కాదు. రాగులు నానబోసి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండితో కాచిన జావను పసిపిల్లలకు పెడతారు గదా. మామూలు పిండి జావ చల్లారితే ముద్ద కడుతుంది. మొలకల పిండి జావ పలుచగానే ఉంటుంది. దానివల్ల పిండి కొంచెం ఎక్కువ వేసినా బిడ్డ సులభంగా మింగగలుగుతుంది. అక్కడ పనిచేసేదీ ఇదే కత్తెర.

మీరే పరీక్షించి చూడండి

చెప్పినదంతా నమ్మవద్దు. పరీక్షించి నమ్మండి. మొలకెత్తిన గోధుమలు పిడికెడు నూరి, అరగ్లాసు నీళ్ళలో కలిపి వడగట్టండి. గంటసేపు కదపకుండా ఉంచితే తెల్లని పిండి అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీటిని మెల్లగా వేరే గిన్నెలోకి వంచండి. కత్తెర ఆ తేటలో ఉన్నది. తేటలో సగం తీసి బాగా మరిగించి చల్లార్చండి.

ఇప్పుడు మూడు గాజుగ్లాసులలో సమానంగా పలుచని అన్నపు గంజి పోయండి. మొదటి గ్లాసులో రెండు చెంచాల పచ్చి తేట, రెండవదానిలో రెండు చెంచాల మరిగించిన తేట, మూడవదానిలో రెండు చెంచాల మంచినీళ్ళు కలపండి. మూడింటినీ వేడినీళ్ళ గిన్నెలో అరగంట నిలబెట్టండి. నీళ్ళు వేలికి వేడిగా తగలాలి గాని చురుక్కుమనగూడదు. తరువాత ఒక్కొక్కదానినుంచి ఒక చెంచాడు తీసి తెల్లని పళ్ళెంలో పోసి, గాయాలకు రాసే అయొడిన్ మందు ఒక్కొక్క చుక్క వేయండి.

అయొడిన్ పిండిపదార్థానికి తగిలితే నల్లని నీలంరంగు వస్తుంది. రెండవదీ మూడవదీ అట్లా మారుతవి. మొదటిది మాత్రం మారదు, లేదా చాలా కొద్దిగా మారుతుంది. అంటే అందులోని పిండి చక్కెరగా మారిపోయిందన్నమాట. మరిగించిన తేట ఎందుకు పనిచేయలేదో మీరే చెప్పగలరు. పరీక్షకు వాడిన గంజిని ఎవరూ తాగకుండా పారబోయాలి సుమా!

ఇంట్లో చేసే విధానం

ఉజ్బెకిస్తాన్‌లో ఇంటింటికీ, ఊరూరికీ పద్ధతి కొంచెం మారుతుంది. చిన్న కుటుంబానికి సరిపడేటట్లు ఇక్కడ చెబుతున్నాను. పొయ్యిపని అంతా పెద్దలది. మొలకల పని పిల్లలది.

కావలసినవి: గోధుమలు పావుకిలో, గోధుమపిండి అరకిలో, వాసన లేని వంటనూనె 100 మిల్లీలీటర్లు, నీళ్ళు 3 లీటర్లు. ఏడెనిమిది లీటర్లు పట్టే, అడుగు మందంగా ఉన్న గిన్నె. పొడవాటి చెక్కగరిట.

మొదటి రోజు: గోధుమలలో విరిగినవి, పుచ్చినవి ఏరివేయండి. మూడుసార్లు కడిగి, 10 - 12 గంటలు నానబెట్టండి. మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్ళు మార్చండి.

రెండవ రోజు: నీళ్ళు వంపి, తడిగుడ్డలో వదులుగా మూటకట్టండి. సాయంకాలానికి గాని, మరునాటికి గాని గింజ కొనన తెల్లని మొన కనిపిస్తుంది.

మూడవ రోజునుంచి: వెడల్పు పళ్ళెంలో గాని, చిల్లుల పళ్ళెంలో గాని అంగుళానికి మించని మందంగా పరవండి. పైన తడిగుడ్డ కప్పి నీడలో ఉంచండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్ళు చిలకరించండి. అడుగున నీరు నిలవగూడదు. రోజూ పొద్దున్నే చూసి, మొలక పొడవెంతో పుస్తకంలో రాసుకోండి.

నాలుగు అయిదు రోజులకు వేళ్ళు అల్లుకుని చాపలాగా అవుతుంది. మొలకలు ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగి తెల్లగా ఉన్నప్పుడే తీయాలి. వెలుతురు తగిలి పచ్చబడితే ఆకుపచ్చ చేదు వస్తుంది. గుడ్డ కప్పమన్నది అందుకే.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. వేళ్ళ చుట్టూ సన్నని తెల్లని నూగు కనిపిస్తుంది. అది వేళ్ళకు సహజంగా వచ్చే నూగు. నీళ్ళు చల్లితే అణిగిపోతుంది. కాని నల్లగా, బూడిదరంగుగా, పచ్చగా బూజు కనిపించినా, ముక్కవాసన గాని పుల్లని వాసన గాని వచ్చినా, జిగటగా తగిలినా మొత్తం పారవేయండి. కొంత తీసివేసి మిగిలినది వాడవద్దు. ఉడికించితే పోయేది కాదు బూజువిషం.

పాలు తీయడం: మొలకల చాపను ముక్కలుగా చేసి, ఒక లీటరు నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ రుబ్బండి. కొబ్బరిపాలు తీసినట్లు పలుచని గుడ్డలో పిండండి. ఇవి మొదటి పాలు. పిప్పిలో ఇంకొక లీటరు నీళ్ళు పోసి పిండితే రెండవ పాలు. మళ్ళీ లీటరు పోస్తే మూడవ పాలు. మూడవ పాలను వేరుగా ఉంచండి. పిప్పి పశువులకు పెట్టవచ్చును, లేదా మొక్కలకు ఎరువుగా వేయవచ్చును.

వండడం: గిన్నెలో గోధుమపిండి వేసి, మొదటి పాలు పోస్తూ ఉండలు లేకుండా కలపండి. రెండవ పాలు, నూనె కూడా కలపండి. అక్కడ నూనెను ముందు కాచి అందులో పిండి పాలు పోసే ఆచారం కూడా ఉన్నది. కాని కాగిన నూనెలో నీళ్ళు పడితే చిమ్ముతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో అది వద్దు.

చాలా సన్నని సెగమీద తిప్పుతూ వేడిచేయండి. పిండి మెల్లగా జావలాగా చిక్కబడుతుంది. ఆవిరి లేచి, ఇంకా ఉడుకు పట్టకముందే పొయ్యి ఆర్పి, మూతపెట్టండి. వేడి తగ్గినప్పుడల్లా కొద్దిసేపు సెగ చూపి, ఒక గంటసేపు ఇట్లా 60 - 65 డిగ్రీల దగ్గర నిలపండి. వేడి కొలిచే సాధనం ఉంటే మరీ మంచిది. ఈ గంటలో ఒక వింత జరుగుతుంది. చిక్కని జావ తనంతట తానే పలుచబడిపోతుంది! చెంచాతో కొంచెం తీసి చల్లార్చి నాలుకమీద వేసుకోండి. చప్పగా ఉన్నది కాస్తా తియ్యగా ఉంటుంది. పిల్లలను పిలిచి రుచి చూపించవలసిన సమయం ఇదే.

ఇక సెగ కొంచెం పెంచి ఉడకనివ్వండి. గరిట అడుగుకు ఆనించి తిప్పుతూనే ఉండాలి. చిక్కబడినప్పుడల్లా మూడవ పాలు ఒక్కొక్క గరిటెడు పోయండి. నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. తెలుపు మీగడరంగవుతుంది, మీగడరంగు తేనెరంగవుతుంది, తేనెరంగు బెల్లంరంగవుతుంది. గరిట ఎత్తితే దోసెపిండిలాగా దళసరి ధారగా జారాలి. అప్పుడు దించి, మూతపెట్టి, మందపాటి గుడ్డ చుట్టి రెండు మూడు గంటలు కదపకండి. చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. సుమారు కిలోన్నర సుమలక్ తయారవుతుంది. చెంచాతో తినవచ్చును, రొట్టెతో అద్దుకుని తినవచ్చును. మిగిలినది చల్లని పెట్టెలో ఉంచి నాలుగయిదు రోజులలో తినివేయండి.

చిన్న గిన్నెకు గులకరాళ్ళు అవసరం లేదు. ముచ్చటపడితే నిమ్మకాయంత నున్నని రాళ్ళు నాలుగయిదు బాగా తోమి, మరిగించి వేయవచ్చును. వడ్డించేముందు లెక్కపెట్టి తీసివేయాలి. పసివాళ్ళ నోట్లో రాయి పడగూడదు.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

మొదటిది అన్నిటికంటె ముఖ్యం. గోధుమలు కిరాణా దుకాణంలోనే కొనండి. విత్తనాల దుకాణంలో, నాటడానికి అమ్మే గోధుమలు కొనవద్దు. మొలక బాగా వస్తుందని ఆశపడవద్దు. విత్తనాలకు పురుగు పట్టకుండా, బూజు పట్టకుండా విషపు మందులు పట్టిస్తారు. 1971లో ఇరాక్ దేశానికి పాదరసపు మందు పట్టించిన విత్తనాల గోధుమలు వచ్చినవి. జనం గుర్తించడానికి వాటికి ఎర్రని రంగు వేశారు. సంచులమీద హెచ్చరిక రాశారు. కాని ఆ రాత అక్కడి రైతులకు తెలియని భాషలో ఉన్నది. కొందరు గోధుమలు కడిగి రొట్టె చేసుకున్నారు. కడిగితే రంగు పోయింది గాని విషం పోలేదు. 6,000 మందికి పైగా ఆస్పత్రులలో చేరారు. వారిలో 400 మందికి పైగా చనిపోయారు. చదువు రానివారు సంచిమీది రాతను అడిగి తెలుసుకోవాలి. చదువు వచ్చినవారు చదివి చెప్పాలి. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

రెండవది. చక్కెర వేయలేదు గదా అని మధుమేహం ఉన్న తాతగారికో నాయనమ్మగారికో గిన్నెడు పెట్టకండి. మాల్టోజ్ కూడా చక్కెరే. అది రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. 'చక్కెర వేయలేదు' అనడం వేరు, 'చక్కెర లేదు' అనడం వేరు.

మూడవది. గోధుమ పడనివారు కొందరు ఉంటారు. వారికి ఇది వద్దు. మొలకలలో విటమిన్ సి పుడుతుందనే మాట నిజమే గాని, గంటలకొద్దీ ఉడికించిన సుమలక్‌లో అది మిగలదు. కాబట్టి దీనిని మందుగా భావించి కాదు, పండుగ వంటకంగా తినాలి.

నాలుగవది. చిక్కబడిన తరువాత ఇది తుకతుక ఉడుకుతూ చిమ్ముతుంది. జావకంటె గట్టిగా చర్మానికి అంటుకుని కాలుస్తుంది. పొడవాటి గరిట వాడండి. పిల్లలు గరిట తిప్పుతామంటే మంట తగ్గించి, వారి చేతిమీద మీ చేయి వేసి తిప్పించండి.

ఇక పిల్లలకు

గరిట నాలుగుసార్లు తిప్పగానే మీ చేయి నొప్పిపుడుతుంది. అప్పుడు అన్నయ్యకివ్వండి. అన్నయ్య అలసిపోతే అమ్మకు, అమ్మ అలసిపోతే పక్కింటి అత్తయ్యకు. ఉజ్బెక్ పల్లెలో ఇంత పెద్ద కజాన్ ఎవరూ ఒంటరిగా ఎందుకు పెట్టరో, అయిదు గంటల పని ముగిసేసరికి మీకు తెలుస్తుంది. తిప్పినవారందరికీ ఒక్కొక్క గిన్నె ఇవ్వడం మరచిపోకండి. తిప్పనివారికి కూడా ఇవ్వండి. అక్కడ అట్లాగే ఇస్తారు.

చివరగా మూడు ప్రశ్నలు.

1. మొలకెత్తని గోధుమలు రుబ్బి పాలు తీసి, ఇంతసేపూ ఉడికించితే సుమలక్ అంత తియ్యగా ఎందుకు కాదు?

2. మొదటినుంచీ పెద్దమంటమీద గబగబా ఉడికించితే తీపి ఎందుకు తగ్గుతుంది?

3. చపాతీ ముక్కను మింగకుండా రెండు నిమిషాలు నమిలితే నోటిలో ఏమి జరుగుతుంది? మన ఉమ్మిలో ఏ కత్తెర ఉన్నది?

మొదటి రెంటికీ జవాబులు ఈ పేజీలలోనే ఉన్నవి. మూడవదానికి పుస్తకం అక్కరలేదు. ఒక చపాతీ చాలు.